మోటార్‌హోమ్ బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్: ఏది ఆగుతుంది, ఏది ఆగదు

టెక్సాస్‌లోని ఆస్టిన్ దగ్గర ఉండే ఫ్రెండ్ ఒకడు పాత క్లాస్ సి మోటార్‌హోమ్ కొన్నాడు, అంటే వ్యాన్ ముందు భాగం వెనక చిన్న ఇల్లు కట్టినట్టుండే బండి. వేసవంతా పిల్లలతో తిరిగి, నవంబర్‌లో స్టోరేజ్ యార్డులో పెట్టేశాడు. ఫిబ్రవరిలో ఫోన్. "అన్నా, తలుపు పక్కన స్విచ్ స్టోర్‌లో పెట్టే పోయిన. ఇప్పుడొచ్చి చూస్తే ఒక్క లైటు వెలుగుతలేదు, పంపు తిరుగుతలేదు. బ్యాటరీ బంద్ చేసిన గదా, ఎట్ల డౌన్ అయింది?"

నాకూ మొదటి చలికాలం ఇదే జరిగింది, రెండు బ్యాటరీలు పారేయాల్సి వచ్చింది. బండి అమ్మినాయన ఆ డిస్‌కనెక్ట్ స్విచ్ ("స్టోర్" వైపు నొక్కితే ఆపినట్టు, "యూజ్" వైపు అయితే ఆన్) చూపించి "ఇది ఆపేస్తే చాలు" అన్నాడు, నేను అదే నమ్మాను. అందుకే ఫ్రెండ్‌కి ఫోన్‌లో గంటసేపు చెప్పిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందు అసలు విషయం. ఆ స్విచ్ బ్యాటరీని ఆపదు. బ్యాటరీ నుంచి ఇంట్లోకి, అంటే బండిలో మనం ఉండే భాగంలోకి, వెళ్ళే పెద్ద దారిని మాత్రం మూస్తుంది. దానికంటే ముందే, బ్యాటరీ ప్లస్ దగ్గర నుంచే, కొన్ని సన్న వైర్లు విడిగా పోయి ఉంటాయి, వాటికి స్విచ్ వేసినా తీసినా తేడా ఉండదు. మీ బండిలో స్విచ్‌కి బ్యాటరీ వైపు ఏమేం తగిలించి ఉన్నాయో, ఇంటి వైపు ఏమేం ఉన్నాయో ఒక్క పూట కూర్చొని తేల్చుకుంటే మిగతాదంతా సులువు.

మోటార్‌హోమ్‌లో బ్యాటరీలు రెండు రకాలు. ఇంజిన్ స్టార్ట్ చేసేది ఛాసిస్ బ్యాటరీ. ఇంట్లో లైట్లు, నీళ్ళ పంపు, ఫర్నేస్ ఫ్యాను, గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్‌లోని కంట్రోల్ బోర్డు, ఇవన్నీ నడిపేది హౌస్ బ్యాటరీ, కొందరు కోచ్ బ్యాటరీ అంటారు. రెండూ 12 వోల్టులే, కానీ పని వేరు. ఛాసిస్ బ్యాటరీ కొన్ని సెకన్లు చాలా కరెంటు ఇచ్చేలా చేసింది, హౌస్ బ్యాటరీ గంటల తరబడి కొద్దికొద్దిగా ఇచ్చేలా చేసింది. మధ్యలో ఒక రిలే, అంటే కరెంటు ఇస్తే తనంతట కదిలే స్విచ్, ఉంటుంది. ఇంజిన్ నడిచేటప్పుడు రెండింటినీ కలిపి ఆల్టర్నేటర్‌తో ఇంటి బ్యాటరీని కూడా చార్జ్ చేస్తుంది, ఇంజిన్ ఆపగానే విడదీస్తుంది, అందుకే రాత్రంతా లైట్లు వేసుకున్నా పొద్దున ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. ఈ రిలే వేరు, డిస్‌కనెక్ట్ స్విచ్ వేరు. చాలా బండ్లలో రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చాలామంది కలిపేసుకుంటారు. తలుపు పక్కన ఉండే స్విచ్ మామూలుగా హౌస్ బ్యాటరీకి మాత్రమే. బస్సులా ఉండే పెద్ద క్లాస్ ఎ బండ్లలో ఛాసిస్‌కి కూడా ఇంకో స్విచ్ ఉంటుంది, క్లాస్ సి లో ఎక్కువగా ఉండదు.

ఇక స్విచ్ రకాలు. మన ఊళ్ళో లారీలకు బ్యాటరీ పెట్టె దగ్గర కటాఫ్ ఉంటుంది చూడండి, రాత్రి బండి ఆపాక తిప్పేసేది, అది సూటి రకం. ఎర్రటి పిడి తిప్పితే లోపల రాగి పలకలు కలుస్తాయి లేదా విడిపోతాయి, కరెంటంతా దాని గుండానే పోతుంది. మోటార్‌హోమ్‌లలో కూడా ఇలాంటివి బ్యాటరీ అరలో ఉంటాయి. పాడయ్యేది తక్కువ, ఆగిందా లేదా అన్నది పిడి చూస్తేనే తెలిసిపోతుంది.

రెండో రకం తలుపు పక్కన ఉండే చిన్న రాకర్ స్విచ్, దాని మీద యూజ్ అని ఒకవైపు, స్టోర్ అని ఒకవైపు రాసి ఉంటుంది. ఆ చిన్న స్విచ్ గుండా ఇంటి కరెంటు పోదు. అది దూరంగా బ్యాటరీల దగ్గరో, బానెట్ కిందో ఉన్న ల్యాచింగ్ రిలేకి మాట చేరవేస్తుంది, అంతే. నొక్కినప్పుడు రిలే కాయిల్‌కి ఒక్క క్షణం కరెంటు పోతుంది, లోపలి పలక టక్కున కలిసి అక్కడే బిగుసుకుపోతుంది. ఆ తర్వాత కాయిల్‌కి కరెంటు అక్కర్లేదు. స్టోర్ వైపు నొక్కితే అదే కాయిల్‌కి ప్లస్, మైనస్ తారుమారై అందుతుంది, పలక విడిపోతుంది. అందుకే ఆ రాకర్ నొక్కి వదిలితే మధ్యకి వచ్చేస్తుంది. దాన్ని చూసి బ్యాటరీ ఏ స్థితిలో ఉందో చెప్పలేం, పక్కన చిన్న లైటు ఉంటే అదే గుర్తు. ఇంకో మాట, ఆ స్విచ్‌ని ఒక సెకను కంటే ఎక్కువ నొక్కి పట్టుకోకండి. కాయిల్ ఒక్క క్షణం కరెంటుకే చేసింది, పట్టుకుంటే వేడెక్కి కాలిపోతుంది. పిల్లలకు అందే ఎత్తులో ఉంటుంది కాబట్టి వాళ్ళకు కూడా చెప్పి పెట్టండి.

పాత బండ్లలో ల్యాచింగ్ కాకుండా మామూలు సాలినాయిడ్ కూడా కనిపిస్తుంది. అది ఆన్‌లో ఉన్నంతసేపూ కాయిల్ ఇంచుమించు ఒక ఆంప్ తింటూనే ఉంటుంది, చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది. అంటే రోజుకు 24 ఆంప్ అవర్లు దానికే పోతాయి. కరెంటు కనెక్షన్ లేని చోట క్యాంపింగ్ చేసేవాళ్ళు దీన్ని మార్చేసుకోవడం మంచిది.

ఇప్పుడు ఫ్రెండ్ అడిగిన దానికి వద్దాం. స్టోర్‌లో పెట్టినా ఆగనివి ఏవి? మొదటిది ప్రొపేన్ గ్యాస్ డిటెక్టర్, నేల దగ్గర గోడకు ఉంటుంది, పచ్చ లైటు వెలుగుతూ. గ్యాస్ లీకైతే అరవాల్సింది కాబట్టి చాలా బండ్లలో దాన్ని స్విచ్‌కి ముందే తగిలిస్తారు. రెండోది ఎక్కేటప్పుడు బయటికి వచ్చే ఎలక్ట్రిక్ మెట్టు. మూడోది స్టీరియో మెమరీ వైరు, కొన్ని బండ్లలో. ఇన్వర్టర్ ఉంటే దాని లావు కేబుల్ దాదాపు ఎప్పుడూ బ్యాటరీకి విడిగా, తన సొంత ఫ్యూజుతోనే ఉంటుంది, ఎందుకంటే 2000 వాట్ల ఇన్వర్టర్ పూర్తి లోడ్ మీద 12 వోల్టుల దగ్గర నష్టాలతో కలిపి 180 ఆంప్స్ పైన లాగుతుంది, 100 ఆంప్స్ రిలే అది మోయలేదు. ఇన్వర్టర్ వాడకపోయినా ఆన్‌లో వదిలేస్తే ఒకటి రెండు ఆంప్స్ ఊరికే తింటుంది. జనరేటర్ స్టార్టర్ కేబుల్ కూడా చాలావరకు నేరుగా హౌస్ బ్యాటరీకే ఉంటుంది. పైకప్పు మీద సోలార్ ఉంటే దాని కంట్రోలర్ కూడా బ్యాటరీ వైపే ఉండొచ్చు, అది మాత్రం మనకు మంచిదే, స్టోర్‌లో ఉన్నా చార్జ్ అవుతూ ఉంటుంది.

ఒక్క డిటెక్టరేం తింటుందిలే అనిపిస్తుంది. లెక్క వేద్దాం. డిటెక్టరు, ఇంకా అవీ ఇవీ కలిపి 0.1 ఆంప్ అనుకోండి. రోజుకు 2.4 ఆంప్ అవర్లు. ఫ్రెండ్ బండిలో ఉన్నది 80 ఆంప్ అవర్ల ఒక్క లెడ్ యాసిడ్ బ్యాటరీ. లెడ్ యాసిడ్‌ని సగం కంటే కిందికి దించితే దాని ఆయుష్షు త్వరగా తగ్గుతుంది, ఆ సగం 40. అంటే పదహారు, పదిహేడు రోజుల్లో సగానికి వచ్చింది, నెల దాటేసరికి పూర్తిగా ఖాళీ. తను వెళ్ళింది మూడు నెలలకి. మిగతా రెండు నెలలూ ఆ బ్యాటరీ ఖాళీగా ఉండి లోపల ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోయింది, అలా గట్టిపడ్డాక మళ్ళీ చార్జ్ చేసినా పాత సత్తువ రాదు.

చలి సంగతి కూడా. నిండా చార్జ్ ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎంత చలికీ గడ్డకట్టదని అనుకోవచ్చు, ఖాళీ అయినది మైనస్ 7 సెల్సియస్ దగ్గరే, ఇక్కడి లెక్కలో 20 ఫారెన్‌హీట్, గడ్డకట్టి డొక్క పగిలిపోతుంది. టెక్సాస్‌లో అంత చలెక్కడిది అనుకోకండి, 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో మైనస్ 18 సెల్సియస్ కిందికి పోయింది.

సరే, మీ బండిలో ఏది ఎటువైపు ఉందో తెలుసుకోవడం ఎలా? ఇరవై డాలర్ల మల్టీమీటర్ చాలు. షోర్ పవర్ తీసేయండి, అంటే గోడ ప్లగ్గు పీకేయండి, జనరేటర్, ఇంజిన్ ఆపి ఉండాలి. స్విచ్‌ని స్టోర్‌లో పెట్టండి. ఇప్పుడు బండంతా తిరగండి. లైట్లు, పంపు, ఫ్యాను, స్లైడ్ (బయటికి జరిగే గది భాగం), లెవెలింగ్ జాక్‌లు (బండిని సమంగా నిలిపేవి), మెట్టు, డిటెక్టర్, ఇన్వర్టర్, ఒక్కొక్కటి ఆన్ చేసి చూడండి. పని చేసేవన్నీ ఒక కాగితం మీద రాయండి. స్లైడ్, జాక్‌లు కొన్ని బండ్లలో ఛాసిస్ బ్యాటరీ మీద నడుస్తాయి, కాబట్టి అవి పనిచేస్తే కంగారు పడక్కర్లేదు, ఏ బ్యాటరీ మీద ఉన్నాయో రాసుకోండి. తర్వాత బ్యాటరీ అర తెరిచి హౌస్ బ్యాటరీ ప్లస్ మీద ఎన్ని వైర్లు ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక లావు కేబుల్ రిలేకి పోతుంది. మిగతా ఎర్ర వైర్లు, ఒక్కోసారి నల్లవి కూడా, చిన్న ఫ్యూజు తొడుగులతో ఎటు పోతున్నాయో చూడండి. స్విచ్‌కి లొంగనివి అవే.

ఎంత కరెంటు కారిపోతోందో కొలవాలంటే డీసీ క్లాంప్ మీటర్ ఉంటే లావు కేబుల్ చుట్టూ పట్టుకుంటే సరిపోతుంది, కాకపోతే చవక క్లాంపులు 0.1 ఆంప్ లాంటి చిన్న కరెంటు సరిగ్గా చూపించవు. మల్టీమీటర్‌తోనే కావాలంటే మైనస్ కేబుల్ తీసి, మీటర్ ఎర్ర వైరుని మీటర్ మీది 10 ఆంప్స్ సాకెట్‌లో పెట్టి, ఒక కాడ బ్యాటరీ మైనస్‌కి, ఒకటి తీసిన కేబుల్‌కి పెట్టాలి. ఆ సమయంలో ఎవరూ లోపల ఏదీ ఆన్ చేయకూడదు, మెట్టు కదిలినా మీటర్ ఫ్యూజు పోతుంది. తలుపు మూసి, మెట్టు స్విచ్ ఆపేసి మొదలుపెట్టండి.

ఇంకో పెద్ద అనుమానం ఉంటుంది. స్టోర్‌లో ఉంచి ప్లగ్గు పెడితే బ్యాటరీ చార్జ్ అవుతుందా? ఇది బండిని బట్టి మారుతుంది. ప్లగ్గు పెట్టగానే కన్వర్టర్ గోడ కరెంటుని 12 వోల్టులుగా మార్చి ఇస్తుంది కాబట్టి లైట్లన్నీ వెలుగుతాయి, బ్యాటరీ కూడా చార్జ్ అవుతోందని మనం అనుకుంటాం. కన్వర్టర్ గనక స్విచ్‌కి ఇంటి వైపు ఉంటే బ్యాటరీకి చుక్క కూడా చేరదు. పక్క క్యాంప్‌సైట్‌లో ఒక పెద్దావిడ నెలంతా ప్లగ్గులోనే పెట్టి ఉంచినా బ్యాటరీలు చచ్చిపోయాయని బాధపడితే వెళ్ళి చూశాను, ఆ స్విచ్ స్టోర్‌లోనే ఉంది. ఈ పరీక్ష రెండు నిమిషాల పని: స్టోర్‌లో ఉంచి, ప్లగ్గు లేకుండా బ్యాటరీ మీద నేరుగా మీటర్ పెట్టండి, 12.5 చూపించిందనుకోండి. ప్లగ్గు పెట్టి ఒక నిమిషం ఆగి మళ్ళీ చూడండి. 13 దాటి పైకి పోతే చార్జ్ అవుతోంది. అదే 12.5 దగ్గరే ఉంటే, చార్జ్ కావాలంటే యూజ్‌లోనే ఉంచాలి.

ఛాసిస్ బ్యాటరీకి ఇంకోలా చూడాలి. కొన్ని బండ్లలో మధ్య రిలే రెండు వైపులా పనిచేసి ప్లగ్గు పెట్టినప్పుడు ఛాసిస్‌ని కూడా చార్జ్ చేస్తుంది, మామూలు బండ్లలో ఆ సదుపాయం ఉండదు. అక్కడ కూడా ఇదే మీటర్ పరీక్ష చేసి, వోల్టులు పెరగకపోతే చిన్న బ్యాటరీ మెయింటెయినర్, అంటే కొద్దికొద్దిగా చార్జ్ చేస్తూ నిండుగా ఉంచే చార్జర్, విడిగా పెట్టుకోవాలి.

మీటర్ చూపే అంకెల అర్థం: లెడ్ యాసిడ్ అయితే, చార్జర్ తీసి కొన్ని గంటలు ఊరికే ఉంచాక 12.6, 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.1, 12.2 దగ్గర సగం, 12 కిందికి పోతే వెంటనే చార్జ్ చేయాలి. చార్జర్ తీసిన వెంటనే చూస్తే పైపై వోల్టులు కనిపించి మోసపోతాం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలకు ఈ లెక్క పనికిరాదు, అవి దాదాపు ఖాళీ అయ్యేదాకా 13 చుట్టూనే చూపిస్తాయి, దానికి షంట్ ఉన్న మానిటర్, అంటే బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటుని లెక్కపెట్టేది, కావాలి. పైగా సున్నా సెల్సియస్ కింద లిథియంని చార్జ్ చేయకూడదు.

స్విచ్ పనిచేయకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి? రాకర్ నొక్కినప్పుడు రిలే దగ్గర ఒక మనిషిని నిలబెట్టి టక్ వినిపిస్తుందో లేదో అడగండి. టక్ లేకపోతే మొదటి అనుమానం బ్యాటరీ మీదే, మరీ దిగిపోయిన బ్యాటరీకి ఆ పలకని లాగే బలం ఉండదు, ఒక చార్జర్ నేరుగా బ్యాటరీకి తగిలించి అరగంట ఆగి మళ్ళీ నొక్కండి. తర్వాత రాకర్‌కి వెళ్ళే చిన్న ఫ్యూజు చూడండి. టక్ వినిపించినా ఇంట్లో కరెంటు లేకపోతే రిలే లోపలి పలకలు కాలిపోయి ఉండొచ్చు. దానికి మీటర్‌ని రిలే రెండు పెద్ద స్టడ్‌ల (కేబుళ్ళు బిగించే బోల్టుల) మధ్య పెట్టండి, ఒక కాడ ఒకదాని మీద, రెండోది రెండోదాని మీద. యూజ్‌లో ఉండి, పంపు, ఫ్యాను ఆన్‌లో ఉన్నప్పుడు అక్కడ దాదాపు సున్నా చూపాలి, 0.1 లోపు ఉంటే పర్వాలేదు. 0.3 చూపిస్తే అంత వోల్టేజ్ ఆ రిలేలోనే వేడిగా తగలబడుతోందన్నమాట, 50 ఆంప్స్ లాగేటప్పుడు అది 15 వాట్లు. 12 చూపిస్తే పలకలు అసలు కలవనట్టే. ఫ్రెండ్ ఫోటో పంపాడు, ఒక స్టడ్ రాగి రంగులో మెరుస్తోంది, రెండోది నల్లగా, నట్టు కింద ప్లాస్టిక్ కొద్దిగా కరిగి అంచు వంగి ఉంది. ఆ నట్టు చేత్తో తిప్పితేనే తిరిగిందట. ఎన్నేళ్ళుగానో అలా వదులుగా ఉండి వేడెక్కుతూ వచ్చింది.

దారి మధ్యలో రిలే పోతే రాత్రి గడవడానికి ఒక ఉపాయం ఉంది. మైనస్ తీసేసి, రిలే రెండు స్టడ్‌ల మీది లావు కేబుళ్ళను ఒకే స్టడ్ మీదికి తెచ్చి బిగించి, మైనస్ మళ్ళీ పెట్టండి. స్విచ్ లేనట్టే, ఎప్పుడూ ఆన్. ఇంటికొచ్చాక కొత్త రిలే వేసుకోవచ్చు.

నెలల తరబడి బండి పెట్టేవాళ్ళకు నా సలహా, ఉన్న స్విచ్‌తో పాటు బ్యాటరీ దగ్గరే తిప్పే రకం కటాఫ్ ఒకటి వేసుకోండి. మైనస్ వైపు వేస్తే పని చేసేటప్పుడు పానా జారి ఛాసిస్‌కి తగిలినా ప్రమాదం తక్కువ. 300 ఆంప్స్ నిలకడగా మోసేది తీసుకోండి, జనరేటర్ స్టార్ట్ చేసేటప్పుడు లాగే కరెంటు దాని గుండానే పోవాలి. ముందు ప్లగ్గు పీకి, ఇన్వర్టర్ ఆపి, సోలార్ ఉంటే ప్యానెల్ వైపు వైరు ముందే విడదీయండి, బ్యాటరీ లేకుండా ప్యానెల్ కరెంటు కంట్రోలర్‌కి పోతే అది చెడిపోవచ్చు. ఉంగరం, వాచీ, చేతి గొలుసు తీసి పక్కన పెట్టండి, ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు, పానాకీ ప్లస్‌కీ మధ్య ఉంగరం ఇరుక్కుంటే వేలు కాలిపోతుంది. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.

మైనస్ మీద ఉన్న వైర్లన్నీ, సన్నవాటితో సహా, కొత్త స్విచ్ అవతలి స్టడ్‌కి మార్చండి. ఒక సన్న నల్ల వైరు బ్యాటరీ మీదే మిగిలిపోయి, దాని రెండో కొస ఛాసిస్‌కి తగిలి ఉంటే, స్విచ్ ఆపిన తర్వాత ఇంటి కరెంటంతా ఆ సన్న వైరు గుండానే తిరిగి రావడానికి చూస్తుంది. లైట్లు వెలుగుతూనే ఉంటాయి, పంపు కూడా తిరగొచ్చు, వైరు మాత్రం వేడెక్కి తొడుగు కరుగుతుంది. అందుకే పని అయ్యాక స్విచ్ ఆపి ఏదైనా వెలుగుతోందేమో తప్పకుండా చూడండి.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఏ డిస్‌కనెక్టూ తిప్పకండి, బ్యాటరీ ఒక్కసారిగా పోతే ఆల్టర్నేటర్ వోల్టేజ్ ఎగిరి డయోడ్లు, బోర్డులు పోతాయి. డిఇఎఫ్ (డీజిల్ పొగను శుభ్రం చేసే ద్రవం) ట్యాంకు ఉన్న డీజిల్ బండి అయితే ఇంజిన్ ఆపి తాళంచెవి తీసిన వెంటనే ఛాసిస్ బ్యాటరీ ఆపకండి, ఆ ద్రవం పంపు గొట్టాలు ఖాళీ చేసుకోవడానికి కొన్ని నిమిషాలు నడుస్తుంది, మాన్యువల్‌లో ఎంతసేపో ఉంటుంది.

బండి పెట్టే రోజు నేను చేసేది ఇది. ముందు రోజు రాత్రంతా ప్లగ్గులో ఉంచి బ్యాటరీ నిండా చార్జ్ చేస్తాను. పొద్దున ఫ్రిజ్ ఆపి తలుపు తెరిచి పెట్టి, సిలిండర్ వాల్వ్ మూసేస్తాను. మెట్టు, ఇన్వర్టర్ ఆపి, రాకర్‌ని స్టోర్ వైపు ఒకసారి నొక్కి, చివరగా బ్యాటరీ దగ్గరి కటాఫ్ తిప్పుతాను. లెడ్ యాసిడ్ ఏదీ తగిలించకపోయినా తనంతట తాను కొద్దిగా దిగుతుంది కాబట్టి నెలన్నరకోసారి వెళ్ళి మీటర్ పెట్టి, 12.4 కిందికి వస్తే చార్జ్ చేస్తాను.

కటాఫ్ తిప్పితే గ్యాస్ డిటెక్టర్ కూడా ఆగిపోతుందని గుర్తుంచుకోండి. బండి ఖాళీగా, సిలిండర్ మూసి ఉన్నప్పుడు ఫర్వాలేదు. మళ్ళీ బయల్దేరే రోజు కటాఫ్ తిప్పి, యూజ్ నొక్కి, డిటెక్టర్ దగ్గర వంగి చూడండి. కరెంటు రాగానే అది కొన్ని నిమిషాలు వేడెక్కుతూ ఉంటుంది, లైటు మిణుకుమిణుకుమంటుంది. ఆ లైటు నిలకడగా పచ్చగా అయ్యేదాకా సిలిండర్ వాల్వ్ తెరవకండి, టీ కోసం స్టవ్ కూడా వెలిగించకండి.